ఈస్టరు దాకా ఆగండి

మా సత్యోపదేశం తరగతిలో నెరిసిన మీసాలున్న విద్యార్థి ఒక్కడే ఉండేవాడు. ఆయన వెనక వరసలో కూర్చునేవాడు. ఆయన కూతురు, పద్నాలుగేళ్ళ పిల్ల, ముందు వరసలో కూర్చునేది. ఆయన తప్పు చెప్పినప్పుడల్లా వెనక్కి తిరిగి చూసేది. ఆయన నాకు భయపడేదానికన్నా ఆ చూపుకే ఎక్కువ భయపడేవాడు.

తరగతి చర్చి వెనక సైకిళ్ళ షెడ్డులో జరిగేది. ఆదివారం హిందీ పూజ అయ్యాక గుజరాతీ పిల్లలకి హాలు, ఇంగ్లీషు పిల్లలకి ఫాన్లున్న గది, మలయాళీ పిల్లలకి ఫాదర్ గారి బంగళా వరండా ఇచ్చేశాక మిగిలింది అదే. సాక్షాత్తూ ప్రభువే పశువుల పాకలో పుట్టాడు గనక ఫిర్యాదు చేసే దారి కూడా మాకు లేకుండా పోయింది. సూరత్‌లో లూములు నడిపే తెలంగాణవాళ్ళు లెక్కలేనంత మంది. వాళ్ళలో కతోలికులు మాత్రం ఒక టెంపోలో పట్టేస్తారు. ఆ టెంపోడు మందిలో ఇంటర్ దాటి చదివినవాణ్ణి నేనొక్కణ్ణే కావడంతో పిల్లల ఆత్మల బాధ్యత నా మీద పడింది. వారంలో ఆరు రోజులు ఇచ్ఛాపూర్‌లో ఒక ఫ్యాక్టరీలో పైపులకి పగుళ్ళున్నాయేమో చూడడం నా ఉద్యోగం. ఏడో రోజు కూడా దాదాపు అదే పని.

మాది గుంటూరు వైపు. పిల్లలంతా సూరత్‌లోని ఉన్, అమ్రోలి పేటల్లో లూముల ఇళ్ళ వాళ్ళు. నా తెలుగు వాళ్ళకి వింతగా ఉండేది. "సార్ మాట్లాడితే రేడియోల వార్తలు చెప్పినట్టే ఉంటది" అని నా ఎదుటే అనుకునేవాళ్ళు. వాళ్ళు మాత్రం తెలుగులో మొదలుపెట్టి, హిందీలో మలుపు తిరిగి, గుజరాతీలో దిగేవాళ్ళు. పవిత్రాత్మ భాషల వరం ఇస్తాడని చెప్పినప్పుడు ఒక్కడికీ ఆశ్చర్యం కలగలేదు.

మీసాల విద్యార్థి మొదటి రోజు వచ్చి, "సార్, జర గట్టిగ చెప్పున్రి. లూముల కాడ చెవులు పోయినయ్" అన్నాడు. చెవులు పోయినా ఆయనకి ఇబ్బందేమీ లేదు. లూముల మధ్య పనిచేసేవాళ్ళకి పెదాలు చదవడం వస్తుంది. అంత చప్పుడులో మాట ఎలాగూ వినపడదు గనక ఎదుటివాడి నోరు చూసి తెలుసుకుంటారు. నేను బోర్డు వైపు తిరిగి ఏదైనా చెబితే ఆయనకి పాఠం ఆగిపోయేది. "ఇటు మల్లున్రి సార్" అనేవాడు. అప్పటిదాకా పిల్లలకి వీపు చూపించి పాఠం చెప్పడం నాకు సుఖమైన అలవాటు. ఆయన వల్ల అది పోయింది.

ఆయన సిరిసిల్ల వైపు హిందువు. భార్య కతోలిక స్త్రీ. ఆమె బతికున్నంత కాలం ప్రతి ఆదివారం తల్లీకూతుళ్ళని బండి మీద చర్చి గేటు దగ్గర దింపి, పూజ అయ్యేదాకా ఎదురుగా చాయ్ బండి దగ్గర నిలబడేవాడు. మహమ్మారి రాక ముందే ఆమె కిడ్నీల జబ్బుతో పోయింది. చర్చి సమాధుల తోటలో గోడ పక్కన పెట్టారు. ఆ తర్వాత ఆదివారం ఆయన చాయ్ బండి దగ్గర ఆగకుండా లోపలికి వచ్చాడు.

"నేను గూడ జ్ఞానస్నానం తీసుకుంట సార్."

ఎందుకని అడగాలి. అది నియమం. అడిగాను. దేవుడి మీద నమ్మకం, సత్యాన్వేషణ, అలాంటి జవాబులు ఉంటాయని పుస్తకంలో రాసి ఉంది.

"ఆమె పక్కన జాగ ఖాళీగున్నది" అన్నాడు. "నన్ను గక్కడ పెట్టాలంటే నేను మీలెక్క కావాలె గద. ఎవలన్న ముందుగాల పండుకుంటే మల్ల నేను ఏడికి పోవాలె?"

ఇది ఫాదర్ గారికి ఎలా చెప్పాలా అని ఆలోచించాను. ఆయన మలయాళీ. ఆయన హిందీ, నా హిందీ కలిస్తే అసలు హిందీవాళ్ళు పక్కకి తప్పుకునేవాళ్ళు. చెప్పాను. ఫాదర్ గారు కాసేపు నవ్వి, ఆ తర్వాత నవ్వడం ఆపి, "పెళ్ళాం పక్కన పడుకోవాలన్న కోరికతో మొదలైనా పర్లేదు. క్లాసులో కూర్చోబెట్టు. వచ్చే ఈస్టరు ముందురాత్రి పూజలో ఇద్దాం" అన్నారు. పెద్దవాళ్ళకి తెలుగులో వేరే తరగతి లేదు. అలా ఆయన పిల్లల్లో పిల్లాడయ్యాడు.

పిల్లలు ఆయన్ని కాకా అనేవాళ్ళు. "కాకా, జపం వచ్చిందా?" "కాకా, హోంవర్క్ మా కాపీలకెల్లి రాసుకున్నవా?" ఆయనకి చదవడం అంతంతమాత్రం. కూతురు ఇంట్లో అన్నం వండుతూ జపాలు చెప్పించేది. జ్ఞానస్నానం పేరు ఏం పెట్టుకుంటావని అడిగితే, ప్రభువు గాయంలో వేలు పెడితే తప్ప నమ్మనని మొండికేసిన అపొస్తలుడి పేరు కావాలన్నాడు. "గాయినె నాలెక్కనే సార్. చూసినంకనే నమ్మిండు. పనోడు గట్లనే ఉండాలె." ఆ వారమంతా పిల్లలు ఆయన్ని ఆ పేరుతోనే పిలిచారు. ఆయనకి వినపడక పలకలేదు.

ఈస్టరుకి ముందు వచ్చే తపస్సుకాలంలో ఒక ఆదివారం ప్రమాద సమయంలో ఇచ్చే జ్ఞానస్నానం పాఠం వచ్చింది. పిల్లలకి ఏటా నచ్చే పాఠం అదొక్కటే. అందులో చావు ఉంటుంది, నీళ్ళు ఉంటాయి, ఫాదర్ ఉండడు.

"ప్రాణం మీదికి వచ్చినప్పుడు, గురువు, అంటే ఫాదర్, అందుబాటులో లేనప్పుడు ఎవరైనా ఇవ్వొచ్చు" అని చెప్పాను.

"ఎవలైన అంటే? హిందువు గూడనా?"

"హిందువు, ముస్లిం, ఎవరైనా. తిరుసభ చేసేది చేయాలన్న ఉద్దేశం ఉంటే చాలు."

"మా లూముల సేఠ్ గూడనా సార్?"

"మీ సేఠ్ కూడా. నీళ్ళకి పైసలు కట్ చేసుకుంటాడేమో ముందే అడుగు."

తర్వాత అసలు సంగతి చెప్పాను. పేరు పెట్టి పిలిచి, 'పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను' అంటూ తల మీద నీళ్ళు పోయాలి. పోసే చెయ్యి, చెప్పే నోరు ఒకే మనిషివి కావాలి. ఒకరు పోస్తూ ఇంకొకరు చెబితే కుదరదు. ముందు పోసి తర్వాత చెప్పినా కుదరదు. అభ్యాసానికి ఒక చెయ్యి ఊడిన ప్లాస్టిక్ బొమ్మ, నీళ్ళ బాటిల్ తెచ్చాను. ఒక్కో పిల్ల, ఒక్కో పిల్లాడు వచ్చి బొమ్మ తల మీద పోశారు. ఒక్క పూటలో అన్నిసార్లు జ్ఞానస్నానం పొందిన జీవి తిరుసభ చరిత్రలో మరొకటి ఉండదు. ఒక అబ్బాయి బాటిల్ ఖాళీ చేసి, ఆ తర్వాత తీరిగ్గా మాటలు మొదలుపెట్టాడు.

"అరే, నీళ్ళు అయిపోయినంక చెప్తే ఏం ఫాయిదా?" అని కాకా కూతురు లేచింది. "బచ్చా మరిపోయేదాక చెప్తవా? సాథ్‌లో కావాలె, రెండూ సాథ్‌లో." బాటిల్ నింపుకొచ్చి, చేసి చూపించింది. తడబాటు లేదు. గుక్కెడు నీళ్ళు కూడా వృథా కాలేదు.

వెనక వరస నించి వాళ్ళ నాన్న చేయెత్తాడు. "బొమ్మకెందుకు సార్, నా తలకాయ ఉన్నది గద. నాకే పోయున్రి. అయితే అయితది."

షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. "అదే భయం" అన్నాను. "ఈ షెడ్డులో పోస్తే నిజంగా పట్టుకునే ప్రమాదమున్న తల మీది ఒక్కటే. మా అందరికీ ఎప్పుడో అయిపోయింది. ఈస్టరు దాకా ఆగండి."

"ఆగుత సార్. గని ఆ రోజు నీళ్ళు సల్లగ ఉండయి గద? నాకు సల్ల నీళ్ళు పడయి. ఫాదరుకు జర చెప్పున్రి, గోరువెచ్చగ పెట్టుమని."

చెబుతానన్నాను. ఆ రోజు నేను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. ప్రాణం మీదికి రాలేదు, గురువు పక్క బంగళాలోనే ఉన్నాడు, పండగ దగ్గర్లోనే ఉంది. నియమం ప్రకారం అది సరైన జవాబు. ఇప్పటికీ సరైనదే.

ఈస్టరు వచ్చింది గాని మనుషులు రాలేదు. దేశమంతా మూసేశారు. ఫాదర్ గారు ఖాళీ చర్చిలో ఒక్కరే పూజ చేసి ఫోన్‌లో చూపించారు. మంట, కొవ్వొత్తి, నీళ్ళు అన్నీ ఉన్నాయి, తలలు మాత్రం లేవు. లూములు ఆగిపోయాయి. ఉన్‌లో అంత నిశ్శబ్దం తన జన్మలో వినలేదని, అంటే వినపడకపోవడం కూడా ఇంత గట్టిగా ఉంటుందని తెలీదని మీసాలాయన ఫోన్‌లో అరిచి చెప్పాడు. ఎండాకాలంలో రైళ్ళు వదిలాక కూతుర్ని తీసుకుని ఊరికి పోయాడు. దీపావళి దాటాక సేఠ్ పిలిస్తే తిరిగొచ్చాడు.

తరగతి ఫోన్ తెరలోకి మారింది. తెర మీద పిల్లలు పిల్లల్లా కాక పాస్‌పోర్టు ఫోటోల్లా ఉండేవాళ్ళు. ఆయనకి మాత్రం అది షెడ్డు కన్నా మేలైంది. నా మొహం దగ్గరగా, మాస్కు లేకుండా కనిపించేది. బయట ప్రపంచం ఆయనకి పూర్తిగా మూగబోయింది. అందరి నోళ్ళకీ గుడ్డలే. కిరాణా కొట్టువాడు, పోలీసు, సేఠ్ ఏమంటున్నారో తెలిసేది కాదు. కూతురు పక్కనుండి తన మాస్కు గడ్డం కిందికి లాగి ప్రతి మాటా మళ్ళీ చెప్పేది. "ఈ బీమారి నా మీద పగబట్టినట్టున్నది సార్" అన్నాడొకసారి. "చెవులు ముందుగాలనే తీస్కపోయిండ్రు, ఇగ అందరి నోర్లు గూడ మూసిన్రు."

రెండో ఈస్టరుకి చర్చి తెరుస్తారనుకున్నాం. ఆ వారం ఫాదర్ గారే జ్వరంతో గదిలో ఒంటరిగా పడుకున్నారు. జ్ఞానస్నానాలు యాభై రోజుల తర్వాత వచ్చే పెంతెకోస్తు పండక్కి వాయిదా వేశారు. మీసాల విద్యార్థికి వీడియో ఫోన్ చేసి చెప్పాను. "ఆ జాగ ఖాళీగనే ఉన్నదా సార్? ఇప్పుడు మస్తుమంది పోతున్నరట గద" అని మాత్రం అడిగాడు. సాయంత్రం వెళ్ళి చూసొచ్చాను. ఖాళీగానే ఉంది. అటు పక్క వరసలో కొత్త మట్టి చాలా కనిపించింది. ఆ సంగతి చెప్పలేదు.

ఈస్టరైన కొద్ది రోజులకే ఆయనకి దగ్గు మొదలైంది. ఊళ్ళో అంబులెన్సుల మోత ఆగని రోజులవి. ఆ మోత ఒక్కటే తనకి వినపడుతోందని కూతురితో అన్నాడట. ఆయన తమ్ముడు, అదే చాల్ ఇళ్ళ వరసలో ఉండేవాడు, ఎక్కడెక్కడో తిరిగి ఒక ఆసుపత్రిలో మంచం సంపాదించాడు. లోపలికి ఎవరినీ రానివ్వరు. బయట గేటు దగ్గర టెంటు, అందులో కుర్చీలు, కుర్చీల్లో జనం. ఆ పిల్ల, వాళ్ళ చిన్నాయన అక్కడే ఉన్నారు. మా ఫాదర్ గారు ఇంకా జ్వరం మంచం దిగలేదు. పక్క చర్చి విచారణ చూసే ఫాదర్ గారికి ఫోన్ చేశాను. ఆసుపత్రివాళ్ళు ఎవరినీ పంపడం లేదని, రేపు మళ్ళీ అడుగుతానని ఆయన అన్నారు. నేను అమ్రోలిలో ఇంట్లో, నా వంతు జ్వరంతో, రేపటి కోసం చూస్తున్నాను.

మధ్యాహ్నం ఆ పిల్ల ఫోన్ చేసింది.

"సార్, చేసిన."

"ఏం చేశావమ్మా?"

"బాపుకు. జ్ఞానస్నానం."

నెమ్మదిగా చెప్పింది. వార్డులో ఒకతను, పొద్దుటి డ్యూటీవాడు, టెంట్లో వాళ్ళ కోసం వీడియో కాల్ కలిపి పేషెంట్లకి చూపించేవాడట. ఆ రోజు వాళ్ళ నాన్నకి చూపించాడు. ఊపిరి ఆడడం లేదు. మాట్లాడలేడు. ఆ పిల్ల మాస్కు కిందికి లాగి, "బాపూ, ఇప్పుడే తీసుకుంటవా?" అని అడిగింది. ఆయన ఆమె పెదాలు చూసి తల ఊపాడు. అప్పుడా వార్డు మనిషిని బతిమాలింది.

"చెప్పిన సార్, భయ్యా, పానీ ఆప్ డాలో, ఔర్ మై జో బోలూఁ వో ఆప్ భీ సాథ్ మే బోల్నా, ఆప్‌కో హీ బోల్నా హై అని. నీళ్ళు ఆయననే పోయాలె, మాటలు గూడ ఆయననే అనాలె గద. బాపు కోరుకున్న పేరు గూడ చెప్పిన. హా బెన్, సరే చెల్లె అన్నడు. ఒక చేతిల ఫోన్, ఒక చేతిల బాటిల్. పోసిండు. నీళ్ళు పడుడు నేను చూసిన. నేను మాటలు గట్టిగ చెప్తున్న, బాపుకు కనపడాలె గద. బాపు నా నోరే చూస్తున్నడు. గని సార్..."

వెనక ఒక అంబులెన్సు మోత దాటిపోయింది.

"ఆయన అన్నడో లేదో నాకు వినపడలె. మాస్కు మీద మాస్కు, దాని మీద మొహానికి అద్దం లెక్క కాఁచ్. నా గొంతే నాకు వినపడుతున్నది. అయిందా సార్?"

ఏదో ఒకటి చెప్పి నవ్వించే అలవాటున్న మనిషిని. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కాసేపు దగ్గాను. దగ్గు నిజమైనదే.

"మీ నాన్న కోరుకున్నారమ్మా" అన్నాను. "నేర్చుకుంటూ, ఎదురుచూస్తూ ఉన్నవాళ్ళకి ఆ కోరికే చాలు. దేవుడు దాన్ని..."

"అది నాకు ఎరుకే సార్. మీరే చెప్పిన్రు. నేను అడిగేది గది కాదు."

నిజమే. ఆమె అడిగింది అది కాదు.

మర్నాడు ఉదయం ఆయన పోయాడు. పక్క విచారణ ఫాదర్ గారికి అనుమతి దొరికింది, ఆ మధ్యాహ్నానికి. ఈలోగా ఆసుపత్రివాళ్ళు పేరు చూసి, హిందువుల బండిలో శ్మశానానికి పంపేశారు. ఆ పేరు చూస్తే ఎవరైనా అదే చేస్తారు. సమాధి కోసం ఒక మనిషి రెండేళ్ళు జపాలు బట్టీపట్టాడని ఆ పేరులో ఎక్కడా లేదు. వాళ్ళ చిన్నాయన శ్మశానం బయట లైన్లో నిలబడి, చివరికి ఒక మట్టి ముంత తీసుకుని బయటికి వచ్చాడు.

జ్వరం తగ్గాక ఫాదర్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన సగానికి సగం తగ్గిపోయి ఉన్నారు. అన్నీ విని, జ్ఞానస్నానం అయిందా లేదా అన్న జోలికి పోకుండా, "జ్ఞానస్నానానికి సిద్ధపడుతున్నవాణ్ణి విశ్వాసిలాగే పాతిపెట్టాలని తిరుసభ చట్టంలోనే ఉంది. బూడిదనైనా పాతొచ్చు. తీసుకురండి" అన్నారు. అంత సులువుగా ఉంటుందని తెలిసుంటే ఆ మనిషి జపాలు నేర్చుకునేవాడా అని ఒక్క క్షణం అనిపించింది. నేర్చుకునేవాడే. సులువైన పని మీద ఆయనకి నమ్మకం తక్కువ.

ముంతని ఆయన భార్య సమాధి పక్కన పెట్టాం. అంత జాగాలో అంత చిన్న గొయ్యి. వాళ్ళ చిన్నాయన ముందే నన్ను పక్కకి పిలిచాడు. "సార్, జర్రంత నేను తీసి పెట్టుకున్న. గోదారిల కలుపుత. మా అమ్మ అడుగుతది. ఏమన్న అయితదా?" బూడిదని పంచకూడదని కూడా నియమం ఉంది. ఆ పూటకి నా దగ్గర నియమాలు అయిపోయాయి. ఏం కాదన్నాను.

ఆయన కోరింది జరిగింది. భార్య పక్కన చేరాడు. ఇక్కడితో కథ అయిపోవాలి. కాని ఆ పిల్ల మర్నాడే ఫోన్ చేసింది.

"సార్, నాకు ఆ వార్డు భయ్యాను అడగాలె. జర తీసుకపోతరా?"

మహమ్మారి రెండో అల తగ్గాక వెళ్ళాం. టెంటు తీసేశారు. కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఆమెకి అతని మొహం తెలీదు. తెల్ల ప్లాస్టిక్ సూటు, కళ్ళద్దాలు, అంతే. గొంతు గుర్తుందంది. గార్డుని అడిగితే, పేషెంట్లకి ఫోన్లు చూపించినవాడా, అదుగో అని చాయ్ బండి వైపు చూపించాడు.

బక్కపలచని కుర్రవాడు. మాస్కు గడ్డం కింద, దవడలో పొగాకు మావా. అతని ముందు అప్పటికే ఒకావిడ నిలబడి ఉంది. తను పంపిన కొబ్బరినీళ్ళు తన భర్త తాగాడా అని గుజరాతీలో అడుగుతోంది.

"పీధూఁ బెన్, పూరూఁ పీధూఁ" అన్నాడతను. తాగాడు, అంతా తాగాడు. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఆ పిల్ల ముందుకి వెళ్ళింది. తన మాస్కు కిందికి లాగింది. ఉన్ నించి వచ్చిన కాకా అని, కిటికీ పక్క మంచం అని, మీసాలు అని, నీళ్ళ బాటిల్ అని హిందీలో చెప్పడం మొదలుపెట్టింది. ఆమె ముగించక ముందే అతను తల ఊపాడు.

"హా హా, బోలా థా. పూరా బోలా థా, బెన్."

చెప్పాను, అంతా చెప్పాను. అదే పూరా. కొబ్బరినీళ్ళకి, జ్ఞానస్నానానికి ఒకటే మాట. ఎంతమంది అడిగి ఉంటారో, ఎంతమందికి చెప్పి ఉంటాడో. చివరి మాటలు, చివరి ముద్దలు, చివరి గుక్కలు అన్నిటికీ ఈ ఒక్కడే సాక్షి. అడిగినవాళ్ళెవరినీ ఇతను ఖాళీ చేతుల్తో పంపడు.

అబద్ధమైతే పట్టుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు. ఏ పేరు చెప్పావు? నిజంగా అని ఉంటే ఆ అపొస్తలుడి పేరు నోటి మీదుగా పోయి ఉంటుంది, కొంతైనా గుర్తుంటుంది. తరగతిలో నేను ఒక తప్పు చెబితే రెండో ప్రశ్నతో పట్టుకునే పిల్ల అది. ఆమె అతని పెదాల వైపే, వాళ్ళ నాన్న చూసినట్టు, కదలకుండా చూస్తోంది. ప్రశ్న ఆమె గొంతు దాకా రావడం నాకు కనిపించింది.

"భయ్యా..."

"బోలో బెన్."

"పానీ ఠండా తో నహీఁ థా?"

అతను నమలడం ఆపాడు. నీళ్ళు చల్లగా లేవు కదా అన్న ప్రశ్న అతన్ని ఎవరూ అడిగినట్టు లేదు.

"నహీఁ" అన్నాడు. "ఏసీ బంద్ థా ఉస్ దిన్. బాటిల్ ఖిడ్కీ మే పడీ థీ, ధూప్ మే. గరమ్ థా పానీ."

కిటికీలో ఎండకి పెట్టిన బాటిల్, వెచ్చటి నీళ్ళు. ఆ పిల్ల తల ఊపింది. మాస్కు పైకి లాక్కుంది. "చలో సార్" అంది.

పేరు గురించిన ప్రశ్న ఇంకా నా నోట్లోనే ఉంది. అతను నా వైపు చూశాడు, ఇంకేమైనా ఉందా అన్నట్టు. నేను కూడా మాస్కు ముక్కు మీదికి లాక్కున్నాను. దాని వెనక నోరు ఏం చేస్తోందో ఎవరికీ తెలియదు. బండి తీశాను.